ఆకుని బట్టి వడ్డన

చిరంజీవి అమ్ములుకు, పక్కనే కూర్చుని వింటున్న చిన్నోడికి తాతయ్య దీవెనలు.

నిన్న ఫోన్లో అడిగావు కదా, "తాతయ్యా, ట్యాబ్‌ అప్‌డేట్‌ అయ్యాక నా బొమ్మల యాప్‌ ఎందుకలా సాగిపోయింది? రంగులు ఓ మూలకి పోయాయి, బ్రష్ ఇంకో మూలకి పోయింది. తమ్ముడి ఆట మాత్రం ఎప్పట్లాగే ఉంది" అని. జవాబు చెప్పేలోపే అమ్మ అన్నానికి పిలిచింది. రాత్రి నేనూ నా ట్యాబ్‌లో ఆ కొత్త సాఫ్ట్‌వేర్‌ ఎక్కించి, నీ యాప్‌ తెరిచి, నిలువుగా ఓసారి, అడ్డంగా ఓసారి తిప్పి చూశాను. నువ్వు చెప్పింది నిజమే. ఇదివరకు అడ్డంగా పట్టుకుంటే ఆ యాప్‌ మధ్యలో ఫోనంత సన్నగా నిలబడి, రెండు పక్కలా నల్లగా ఖాళీ వదిలేసేది. ఇప్పుడు ట్యాబంతా పరుచుకుంది.

ఎందుకో చెప్పాలంటే ముందు నిన్ను మా ఊరి పెళ్లిభోజనాల బంతిలోకి తీసుకెళ్లాలి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. కోనసీమలో మా పెరడు నిండా అరటిచెట్లే. బంతి వేశారంటే ఉప్పు వడ్డించడం పిల్లల పని. ఆకు కొస తినేవాళ్ల ఎడమచేతి వైపు ఉండాలి. "కొస నుంచి జానెడు లోపలికి వెయ్యరా" అని మా మేనత్త చెప్పింది. రెండు బంతులు జానతో కొలిచి మరీ వేశాను. మూడో బంతికి అరిటాకులు అయిపోయాయి. అడ్డాకు విస్తళ్లు పరిచారు. గుండ్రటి విస్తరికి కొసేదీ? అంచు నుంచి అదే జాన కొలిచాను. ఉప్పు సరిగ్గా అన్నం పెట్టే చోట పడింది. వెనకే వచ్చినాయన దానిమీదే అన్నం గుమ్మరించాడు. ఒక ముసలాయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా మింగి, తలెత్తి నావైపు చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే.

అత్త తిట్టలేదు. "అంచు నుంచి కొలవకురా. అన్నం ఎక్కడ పడుతుందో చూసుకో. దానికి దూరంగా, పచ్చడికి దగ్గరగా ఉప్పు వెయ్యి. ఆకు పెద్దదైనా చిన్నదైనా ఆ లెక్క మారదు" అంది.

యాప్‌ రాయడమూ ఆ వడ్డనే అమ్ములూ. స్క్రీన్‌ ఆకు. రంగులు, బ్రష్, బటన్లు పదార్థాలు. "ఎడమ అంచు నుంచి ఇన్ని చుక్కల దూరంలో బటన్‌ పెట్టు" అని రాస్తే అది నా జాన లాంటిది. "బ్రష్ పక్కన రంగులు పెట్టు, బొమ్మకి మిగిలిన చోటంతా ఇవ్వు" అని రాస్తే అది అత్త వడ్డన. నీ యాప్‌ చేసినవాళ్లు ఫోనునే మనసులో పెట్టుకున్నారు. "మాకు సన్నటి ఆకు చాలు, నిలువుగానే వెయ్యండి" అని అందులో రాసుకున్నారు. ట్యాబ్‌ ఇన్నాళ్లూ ఆ మాట విన్నది. 2025 జూన్‌లో వచ్చిన ఆండ్రాయిడ్‌ 16 ఆ పద్ధతి మార్చింది. స్క్రీన్‌ పొట్టి వైపు 600 డీపీలు, అంతకన్నా ఎక్కువ ఉంటే, ఈ కొత్త సాఫ్ట్‌వేర్‌ కోసమని తయారైన యాప్‌కి ఆకంతా పరిచేస్తుంది. ఆటలకి మినహాయింపు ఇచ్చింది. అందుకే మీ తమ్ముడి ఆట కదల్లేదు.

ఈ డీపీ వాట్సాప్‌లో పెట్టుకునే ఫొటో కాదు. స్క్రీన్‌ మీది చుక్కలు ఒక ఫోన్లో చిన్నవి, ఒక ఫోన్లో పెద్దవి. వాటితో కొలిస్తే ఒకే బటన్‌ ఒకచోట చీమంత, ఇంకోచోట ఏనుగంత అవుతుంది. అందుకని అంగుళానికి 160 అనుకుని డీపీ అనే కొలత పెట్టారు. వేలితో నొక్కే బటన్‌ 48 డీపీలైనా ఉండాలంటారు. అంటే అంగుళంలో మూడో వంతుకి కాస్త తక్కువ. మీ నాన్న వేలైనా, నీ వేలైనా తడుముకోకుండా తగలాలి కదా! నాకు ఆ కొలతంటే గౌరవం. అది యంత్రం నుంచి కాక మనిషి వేలి నుంచి మొదలైంది.

ఈ పాఠం నేను 2013లో ఇథియోపియాలో చెప్పాను. ఆ రోజుల్లో మన తెలుగు లెక్చరర్లు చాలామంది అక్కడి యూనివర్సిటీల్లో పనిచేసేవారు. నేనుండే బహిర్‌ దార్‌ టానా సరస్సు ఒడ్డున ఉంటుంది. నీలి నైలు బయల్దేరేది ఆ సరస్సు నుంచే. నలభైమంది పిల్లలకి ఉన్నది ఒక్కటే ఏడంగుళాల ట్యాబ్‌. మిగతావాళ్లు కంప్యూటర్‌లోని ఉత్తుత్తి ఫోన్‌ మీద యాప్‌లు నడిపి చూసుకునేవారు. అది తెరుచుకునేలోపు కరెంటు పోయిన రోజులున్నాయి. వాళ్లకి అరిటాకు కథ చెబితే మర్యాదగా విన్నారు గాని ఒక్క ముఖంలోనూ వెలుగు రాలేదు.

ఆ వారమే ఒక కుర్రాడు వాళ్లింటికి భోజనానికి పిలిచాడు. టెఫ్‌ అనే సన్నటి గింజల పిండి పులియబెట్టి పళ్లెమంత అట్టు పోస్తారు. దాన్ని ఇంజెరా అంటారు. దాని మీదే కూరలు కుప్పలుగా వేస్తారు. చుట్టూ కూర్చుని ఎవరివైపు నుంచి వాళ్లు తుంపుకు తింటారు. ఆ కుర్రాడి తల్లి ఒక ముద్ద చుట్టి నా నోట్లో పెట్టింది. గుర్షా అంటారట. మా అమ్మ గోరుముద్దే అది! మర్నాడు బోర్డు మీద అరిటాకు చెరిపి ఇంజెరా గీశాను. దానికి కొస లేదు, కుడి ఎడమలు లేవు. "చుట్టూ కూర్చున్న అందరికీ అన్ని కూరలూ అందాలంటే ఎక్కడెక్కడ వడ్డిస్తారు?" అని అడిగాను. నలభైమందీ ఒక్కసారే మాట్లాడారు.

అదే కుర్రాడు తర్వాత గడియారం యాప్‌ చేశాడు. పొద్దున్న ఎనిమిదింటికి తెరిస్తే రెండు చూపిస్తోంది. తప్పని రాయబోయాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి సూర్యుణ్ణి చూపించాడు. వాళ్ల గంటలు తెల్లవారడంతో మొదలవుతాయి. మన ఏడు వాళ్లకి ఒంటిగంట. నేను అర్ధరాత్రి నుంచి లెక్కపెడుతున్నాను, వాడు వెలుగు నుంచి. ఎవరిదైనా తప్పని కొట్టేసేముందు వాళ్లు ఎక్కణ్ణుంచి కొలిచారో అడగాలని నాకు నేర్పింది ఆ పిల్లాడే. మీరూ అడగండి.

ఇప్పుడు స్కేలు తెచ్చుకో. నాన్న ఫోన్‌ స్క్రీన్‌ పొట్టి వైపు, నీ ట్యాబ్‌ స్క్రీన్‌ పొట్టి వైపు కొలువు. 600 డీపీలంటే సుమారు మూడుముప్పావు అంగుళాలు. ఏది దాటిందో చిన్నోడిచేత రాయించు. తర్వాత ట్యాబ్‌ని మెల్లగా తిప్పుతూ సెట్టింగ్స్‌ తెరిచి చూడు. ఏది దేని పక్కకి చేరుతోంది, ఏది కదలకుండా ఉంది?

ఆఖరుగా, నీ బ్రష్ పక్కన ఏముంటే చేతికి హాయిగా ఉంటుందో కాగితం మీద గీసి పంపు. నిలువు కాగితం మీద ఒకటి, అడ్డం కాగితం మీద ఒకటి.

మీ తాతయ్య