పైపూతకు మాత్రమే

ఎక్సోసోమ్ సీసా పెట్టె మీద ఓ మూలన, చీమ తలకాయంత అక్షరాల్లో, ‘పైపూతకు మాత్రమే’ అని ఇంగ్లీషులో ఉంది. ఆ పెట్టె ఫొటో వాట్సాప్‌లో పంపింది మా అక్క కూతురు. మాఘంలో దాని పెళ్లి. మూడేళ్లుగా బెంజ్ సర్కిల్ మీదుగా స్కూటీ మీద ఆఫీసుకు తిరిగేసరికి బెజవాడ ఎండ రెండు బుగ్గల మీదా మంగు మిగిల్చింది. ఎక్సోసోమ్ ఫేషియల్ నాలుగు సిట్టింగులు చేయించుకుంటే పోతుందని ఓ స్కిన్ క్లినిక్కులో చెప్పారట.

“ముందు మైక్రోనీడ్లింగ్ అని ముఖమంతా సన్నటి సూదులు గుచ్చి, దాని మీద ఇది రాస్తారట పిన్నీ. స్టెమ్ సెల్సే కదా, మంచిదేనా?”

నేను కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైనదాన్ని, చర్మ డాక్టర్ని కాను. కానీ ఈ ప్రశ్నకు సగం జవాబు కణం పాఠంలోనే ఉంది.

ఎక్సోసోములు స్టెమ్ సెల్స్, అంటే వేరే రకాల కణాలుగా మారగల మూలకణాలు కావు, అసలు కణాలే కావు. కణాలు బయటికి వదిలే బుడగలు. కణం లోపల దానిమ్మకాయ లాంటి సంచి ఒకటి తయారవుతుంది, దాన్నిండా గింజల్లా చిన్న బుడగలు. ఆ సంచి కణం పైపొరకు అతుక్కుని విచ్చుకుంటే గింజలన్నీ బయటపడతాయి. ఒక్కోటి సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు. తలవెంట్రుక మందంలో వరసగా ఐదారు వందలు పట్టేస్తాయి. ఎదుగుతున్న ఎర్ర రక్తకణాలు ఇక అవసరం లేని ప్రోటీన్‌ను వీటిలో మూటగట్టి పారేయడం 1983లో కెనడాలోని మాంట్రియల్‌లో శాస్త్రవేత్త రోజ్ జాన్‌స్టోన్ బృందం గొర్రె రక్తంలో చూసింది. చాలాకాలం ఇవి చెత్త మూటలే అనుకున్నారు. ఆ మూటల్లో కణానికి ఏం చేయాలో చెప్పే ఆర్‌ఎన్‌ఏ కూడా ఉందనీ, అది వేరే కణంలోకి వెళ్లి పని చేయగలదనీ 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించాక వాటి దశ తిరిగింది.

మూటలో ఏముందన్నది కట్టిన కణాన్ని బట్టి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కణం ఒకటి పంపుతుంది, ఆకలితో ఉన్నది ఇంకొకటి. క్యాన్సర్ కణాలు కూడా వీటిని పంపే తమకు చోటు సిద్ధం చేసుకుంటాయి. కాబట్టి ఎక్సోసోమ్ అన్నది ‘కూర’ లాంటి మాట. ఏం కూర, ఎవరు వండారు, ఎప్పటిది అని చూడకుండా విస్తట్లో వేయించుకోం కదా. కొన్ని సీసాల్లో ఉన్నవి మనిషి కొవ్వు నుంచో బొడ్డుతాడు నుంచో తీసిన కణాలవి, కొన్నింట్లో గులాబీ మొక్క కణాలవి. మనిషి కణాల నుంచి తీసినవేవీ సౌందర్య సాధనాల్లో వాడకూడదని యూరోపియన్ యూనియన్ నిషేధం పెట్టుకుంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది వడపోత. మందుల తయారీలో బ్యాక్టీరియాను ఆపడానికి 0.2 మైక్రాన్ల, అంటే 200 నానోమీటర్ల రంధ్రాలున్న ఫిల్టర్ వాడతారు. ఎక్సోసోములు అందులోంచి దిగిపోతాయి. అదే సైజులో ఉండే వైరస్‌లూ దిగిపోతాయి. హెచ్‌ఐవీ వైరస్ సుమారు 120 నానోమీటర్లే. జల్లెడతో పిండిలోంచి రవ్వను వేరు చేయొచ్చు గానీ, గోధుమపిండిలో కలిసిపోయిన మైదాను తీయగలమా? పోనీ బాగా వేడి చేద్దామంటే బుడగలే పాడవుతాయి. అంటే మనిషి కణాలతో చేసిన సరుకైతే, దాత రక్తపరీక్షల దగ్గర్నుంచి ఫ్యాక్టరీ శుభ్రత దాకా అంతా తయారీదారు చేతిలోనే. ‘సీసాలో ఇన్ని బిలియన్లు’ అన్న లెక్కకూ మురిసిపోనక్కర్లేదు, లెక్కపెట్టే యంత్రాలు ప్రోటీన్ ముద్దల్ని కూడా బుడగలుగా లెక్కేస్తుంటాయి.

ఇక సూది సంగతి. చర్మం పై మృతపొర మందం 10 నుంచి 20 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించదు. అంత పల్చటి గోడే ఇలాంటి సరుకును చాలావరకు బయటే ఆపేస్తుంది. అందుకే మైక్రోనీడ్లింగ్. ముఖం మీద పైచర్మం దాదాపు 0.1 మిల్లీమీటరు, సూదులు 0.25 నుంచి 2.5 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. దిగిన చోట రక్తనాళాలుంటాయి, కాపలా కాసే రోగనిరోధక కణాలుంటాయి. పైన రాసుకుంటే ఊరుకునే పదార్థం అక్కడ ఊరుకోకపోవచ్చు. సూదులు గుచ్చి సీరమ్ రాయించుకున్న ముగ్గురు మహిళలకు ముఖం మీద గట్టి గడ్డలు లేచిన సంగతి 2014లో అమెరికా చర్మవైద్యులు ప్రచురించారు. వాళ్లలో ఇద్దరు వాడింది విటమిన్ సి సీరమ్, పైపూతగా అందరూ వాడేదే. ‘పైపూతకు మాత్రమే’ అన్న ముక్క దగ్గర నేను ఆగిపోయింది అందుకే.

వీటిలో ఏమీ లేదనను. కొరియాలో 25 మంది మీద మొటిమల గుంటలకు లేజర్ చేసి, ముఖం ఒక పక్కన ఎక్సోసోమ్ జెల్ రాసి చూస్తే ఆ పక్క మెరుగ్గా మానింది. కానీ 25 మంది అంటే మా పాత ప్రాక్టికల్ బ్యాచ్ అంత. మందులకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ ఇంతవరకు ఒక్క ఎక్సోసోమ్ ఉత్పత్తికీ ఆమోదం ఇవ్వలేదు. అక్కడి నెబ్రాస్కా రాష్ట్రంలో ఎక్సోసోములని అమ్మిన సరుకు వాడిన కొందరు రోగులకు తీవ్రమైన ఇబ్బందులు వచ్చాక 2019 డిసెంబరులో జనానికి హెచ్చరిక కూడా జారీ చేసింది. మన దగ్గర సౌందర్య సాధనాలకు 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ఉన్నాయి, కానీ కాస్మెటిక్‌గా రిజిస్టరైతే మందుగా పరీక్షల్లో నెగ్గినట్టు కాదు. పైగా మంగు ఉన్న మన చామనఛాయ చర్మంలో సూది పోటే కొత్త నలుపు తేవచ్చు.

అక్క కూతురికి మూడు ప్రశ్నలు రాసిచ్చాను: ఏ కణాల నుంచి తీశారు, బ్యాచ్ నంబరెంత, సూదులతో వాడొచ్చని ఎవరు అనుమతిచ్చారు. వెళ్లి అడిగింది.

“మొదటిదానికి కొరియాది మేడమ్ అన్నారు పిన్నీ. మూడోదానికి డాక్టరు గారు వచ్చాక చెప్తామన్నారు.”

“బ్యాచ్ నంబరో?”

“పెళ్లి ఏ తారీఖండీ అని అడిగారు.”