అప్పుల ఖర్చు అంచనా మారితే డబ్బు పోయినట్టేనా? అపోహలు – వాస్తవాలు

అమెరికా ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అప్పులకు, పూచీ పడే అప్పులకు ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టడం నా పని. ఏటా పాత లెక్కలన్నీ మళ్లీ తీసి సరిచూడాలి. దీన్నే రీఎస్టిమేట్ అంటాం. కొత్త అంకె బయటికి రాగానే అవే ప్రశ్నలు మొదలవుతాయి.

అపోహ: గ్యారంటీ అంటే ఉత్త సంతకమే, ఖర్చుండదు.

వాస్తవం: ఒకప్పుడు బడ్జెట్టూ ఇలాగే అనుకునేది. నేరుగా ఇచ్చిన అప్పు ఆ ఏడాదే మొత్తం ఖర్చుగా కనిపించేది, గ్యారంటీ మాత్రం ఉచితంలా ఉండేది. 1990లో వచ్చిన ఫెడరల్ క్రెడిట్ రిఫార్మ్ చట్టం 1992 ఆర్థిక సంవత్సరం నుంచి రెండింటికీ ఒకే కొలత పెట్టింది. అప్పు తీరేదాకా బయటికి వెళ్లే డబ్బెంత, తిరిగొచ్చేదెంత? రెండింటినీ ఇవాళ్టి విలువకు మార్చి తేడా చూడాలి. ఆ తేడాకే సబ్సిడీ అని పేరు. మనకు అలవాటైన రాయితీ అర్థంలో కాదు. సిబ్బంది జీతాలు ఇందులో కలవవు.

అపోహ: అంచనా పెరిగిందంటే మొదట ఎవరో తప్పు చేశారు.

వాస్తవం: చేసే ఉండొచ్చు. ముందస్తు చెల్లింపులను తక్కువగా ఊహించి నేనూ ఒకసారి తిట్లు తిన్నాను. కానీ ముప్పై ఏళ్ల అప్పులో ఎవరు ఎగ్గొడతారో మొదటి రోజే ఎవరు చెప్పగలరు? 1997 నుంచి 2021 దాకా ఇచ్చిన విద్యార్థి రుణాలే చూడండి. వాటిపై 11,400 కోట్ల డాలర్లు మిగులుతాయని మొదట్లో అంచనా. 2021 నాటికి అది తిరగబడి 19,700 కోట్ల ఖర్చుగా తేలింది. ఇదంతా రీఎస్టిమేట్ వల్లే కాదు. కోవిడ్ కాలంలో వాయిదాలు ఆపడం లాంటి నిర్ణయాల భారమూ ఇందులో ఉంది. ఇచ్చేసిన అప్పు షరతులను ప్రభుత్వమే మారిస్తే దాన్ని మాడిఫికేషన్ అంటాం, దానికి నిధులు ముందే చూపించాలి. పత్రికలు ఈ రెండింటినీ ఒకే గాట కట్టేస్తాయి.

అపోహ: ఖర్చు పెరిగితే అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) మళ్లీ ఓటెయ్యాలి.

వాస్తవం: అక్కర్లేదు. పెరిగిన మొత్తాన్ని ఖజానా నుంచి తీసుకోవడానికి చట్టమే శాశ్వత అనుమతిచ్చింది, పరిమితి కూడా లేదు. ఇళ్ల రుణాలకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌హెచ్‌ఏ 2013 సెప్టెంబరులో 170 కోట్ల డాలర్లు తీసుకున్నది ఈ దారిలోనే. దివాలా తీసిందని కొందరు రాశారు. నిజానికి చేతిలో నగదు లేక కాదు, భవిష్యత్తు నష్టాల అంచనాకు సరిపడా నిల్వ చూపించడానికే తీసుకుంది. ఓటు లేకుండానే డబ్బు కదిలే ఈ ఏర్పాటు మీద ఎవరి కన్నూ పెద్దగా పడదు. అది నాకు నచ్చని విషయం.

అపోహ: ఖర్చు తగ్గితే ఆ మిగులుతో ఇంకో నాలుగు అప్పులివ్వచ్చు.

వాస్తవం: ఏటా నిధులు కేటాయించే పథకాల్లో కుదరదు. మిగులు వడ్డీతో సహా ఖజానాకే వెళ్తుంది.

అపోహ: ఇవాళ వడ్డీ రేట్లు పెరిగితే పాత అప్పుల లెక్కంతా మారిపోతుంది.

వాస్తవం: ఒక ఏడాది మంజూరైన అప్పుల్లో కనీసం 90 శాతం చేతికి అందాక, వడ్డీ రేటు సవరణ ఒకసారి చేస్తాం. ఆ తర్వాత డిస్కౌంట్ రేటు, అంటే రేపటి డబ్బును ఇవాళ్టి విలువకు మార్చే రేటు, జోలికి వెళ్లం. మారేదల్లా ఎగవేతలు, వసూళ్లు, ముందస్తు చెల్లింపుల లెక్కలే.