డీమన్ స్లేయర్ తగవు: అంతా ఆ 19వ ఎపిసోడ్ దగ్గరే

రాక్షసుల్ని వేటాడే కుర్రాడి కథగా వచ్చిన జపాన్ అనిమే (బొమ్మల సీరియల్) డీమన్ స్లేయర్‌కి ఇంత హైప్ అవసరమా అన్న పాత తగవు మళ్ళీ రాజుకుంది. ఈసారి నిప్పు పెట్టింది 'ఇన్ఫినిటీ కాజిల్' సినిమా. 2025 జులై 18న జపాన్‌లో, సెప్టెంబరు 12న మన దేశంలో విడుదలైంది. జపనీస్, ఇంగ్లిష్, హిందీ, తమిళంతో పాటు తెలుగులో కూడా డబ్ చేసి వదిలారు. కొన్ని నగరాల్లో తెల్లవారుజామునే షోలు వేశారు. పెద్ద హీరోల సినిమాలకు జరిగే మర్యాద ఒక జపాన్ బొమ్మల సినిమాకు జరిగిందన్నమాట. చూసి బయటికొచ్చినవాళ్ళు రెండు ముఠాలయ్యారు. ఒకరికి మాటల్లేవు, రోమాలు నిక్కబొడుచుకున్నాయి. రెండోవారిది ఒకటే ఫిర్యాదు: "విజువల్స్ తీసేస్తే ఏముంది? ఫైట్ మాంచి ఊపు మీదున్నప్పుడు ఆపేసి, విలన్‌కి చాంతాడంత ఫ్లాష్‌బ్యాక్ ఏంటి?"

హీరో తంజిరో ఎవరు, రాక్షసిగా మారిన చెల్లెలు నెజుకోని పెట్టెలో పెట్టి ఎందుకు మోస్తాడు, రాక్షసులతో వాళ్ళ ఇంటికి ఉన్న పగ ఏమిటి అన్నవి ఇక్కడ మళ్ళీ చెప్పను. ఈ తగవులోకి దిగినవాళ్ళందరికీ అవి తెలుసు. సినిమా ఇంకా చూడనివాళ్ళు మాత్రం ఇక్కడే ఆగిపోండి. ముగింపు చెప్పకుండా ఈ గొడవ గురించి రాయడం కుదరదు.

హైప్ ఎప్పుడు పుట్టిందో చెప్పడం మామూలుగా కష్టం. దీని విషయంలో మాత్రం తేదీ వేసి చెప్పొచ్చు: 2019 ఆగస్టు 10, శనివారం రాత్రి. అప్పటికి సీరియల్ మొదలై నాలుగు నెలలు. టోక్యో ఎమ్‌ఎక్స్ ఛానల్‌లో శనివారాలు రాత్రి పదకొండున్నరకు వచ్చేది. దీనికి మూలం కొయోహారు గొతోగే గీసిన మాంగా (జపాన్ కామిక్స్), అది 2016 ఫిబ్రవరి నుంచి 'వీక్లీ షోనెన్ జంప్' పత్రికలో నడుస్తూ ఉండేది. టీవీలోకి వచ్చేనాటికి పుస్తకాలుగా దాదాపు 35 లక్షల కాపీలు బయటికి వెళ్ళాయి. తక్కువ అంకె కాదు. అలాగని ఆ పత్రికలో ఏనుగుల్లాంటి సిరీస్‌ల పక్కన నిలబడే అంకె కూడా కాదు. బొమ్మ గీత కాస్త మోటుగా ఉంటుందని, కథ తెలిసిన దారిలోనే పోతుందని చదివేవాళ్ళే అనుకునేవారు.

ఆ రాత్రి వచ్చింది 19వ ఎపిసోడ్, పేరు 'హినోకామి'. నతగుమో కొండ మీద తంజిరో ముందు రుయి నిలబడ్డాడు. చూడటానికి చిన్నపిల్లాడు, కానీ పన్నెండుమంది పెద్ద రాక్షసుల్లో ఒకడు. చేతి వేళ్ళ నుంచి సాలెపురుగు దారాలు వదులుతాడు. తంజిరో కత్తి ఆ దారాలకు తగిలి విరిగిపోతుంది. నేర్చుకున్న 'నీటి శ్వాస' అనే కత్తివిద్య పనిచేయదు. చావు ఖాయమైన క్షణంలో వాడికి మంచులో రాత్రంతా నాట్యం చేసిన జబ్బుపడ్డ నాన్న గుర్తొస్తాడు. కత్తి చుట్టూ ఉన్న నీరు నిప్పుగా మారుతుంది. అదే సమయంలో దారాలకు వేలాడుతూ స్పృహ తప్పిన నెజుకోకి చనిపోయిన అమ్మ గొంతు వినిపిస్తుంది. ఆమె నెత్తురు భగ్గుమంటుంది. వెనక పాట ఎత్తుకుంటారు. కత్తి మెడను చేరుతుంది. తల ఎగిరిపోతుంది. పాట సాగుతుండగానే పేర్లు పడతాయి.

ఆ కొన్ని నిమిషాల ముక్కే క్లిప్ అయింది. ఎపిసోడ్ పేరు ట్విట్టర్‌లో జపాన్ దాటి ట్రెండ్ అయింది. సెప్టెంబరు నెలాఖరుకు 26 ఎపిసోడ్లు ముగిసేసరికి మాంగా కాపీలు 1.2 కోట్లు. 2020 అక్టోబరుకల్లా 10 కోట్లు. మాంగాలో అదే ఘట్టం నలుపు తెలుపుల్లో కొద్ది పేజీలే. చదివినవాళ్ళకు నచ్చింది, పేజీ తిప్పారు. దాన్ని యూఫోటేబుల్ స్టూడియో చేతితో గీసిన బొమ్మనీ, కంప్యూటర్‌లో తిప్పే కెమెరానీ అతుకు కనపడకుండా కలిపి మరో ఎత్తుకు తీసుకెళ్ళింది. నీటి అలలకు పాత జపాన్ చెక్క అచ్చు చిత్రాల్లో ఉండే ముదురు గీతలే వేశారు. అందుకే ఆ నీరు సినిమా గ్రాఫిక్స్ నీరులా అనిపించదు.

ఇక్కడ డబ్బు సంగతి కూడా ఒకటి ఉంది. జపాన్‌లో అనిమే తీయాలంటే మామూలుగా అరడజను పైగా కంపెనీలు కలిసి ఒక కమిటీగా పెట్టుబడి పెడతాయి. టీవీ ఛానల్, బొమ్మల కంపెనీ, పాటల కంపెనీ, అందరూ వాటాదారులే. గీసే స్టూడియో చాలాసార్లు కూలీ తీసుకుని పక్కకు తప్పుకుంటుంది. డీమన్ స్లేయర్ కమిటీలో ఉన్నది ముగ్గురే: ఆనిప్లెక్స్, మాంగా ప్రచురించిన షూఎయిషా, గీసిన యూఫోటేబుల్. గీసేవాళ్ళకే వాటా ఉన్నప్పుడు ఒక్క ఎపిసోడ్ మీద అంత చాకిరీ ఎందుకు పెట్టారో అర్థం చేసుకోవడం కష్టం కాదు.

ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ మొదలయ్యేది ఆ క్లిప్‌లో లేని భాగం దగ్గర.

రుయి తల తెంచింది తంజిరో కాదు. కత్తి పూర్తిగా దిగకముందే రుయి తన దారంతో తన తల తానే కోసుకున్నాడు. రాక్షసుల్ని చంపే కత్తి తెంచితేనే చావు, తనే కోసుకుంటే మళ్ళీ అతుక్కోవచ్చు. అంటే ప్రపంచం నోరెళ్ళబెట్టి చూసిన ఆ వేటు గెలవలేదు. ఆ తర్వాత తంజిరోకి సీనియర్ అయిన గియూ వచ్చి, పెద్ద హడావుడి లేకుండా, ఒక్క వేటుతో పని ముగిస్తాడు. తర్వాతి ఎపిసోడ్లలో రుయి గతం వస్తుంది. పుట్టుకతోనే బలహీనుడు, పరుగెత్తలేని పిల్లాడు. రాక్షసులందరికీ మూలమైన ముజాన్ వచ్చి రాక్షసుణ్ణి చేశాడు. కొడుకు మనిషిని చంపాడని తెలిసి తల్లిదండ్రులు వాడిని చంపి తామూ చావాలనుకున్నారు. వాడికది అర్థం కాలేదు, వాళ్ళనే చంపేశాడు. తర్వాత దారాలతో బెదిరించి ఒక దొంగ కుటుంబాన్ని కట్టుకున్నాడు. చివరకు బూడిదైపోతుంటే వాడి వీపు మీద తంజిరో చెయ్యి వేస్తాడు.

కథ అక్కడ ఉంది. హైప్ ఇక్కడ ఆగిపోయింది. 19 చూసి అప్పటికి ఎగబడ్డవాళ్ళలో ఎంతమందికి 20, 21 గుర్తున్నాయో అడిగి చూడండి. నాకు తెలిసిన ఇంటర్ కుర్రాడొకడు ఆ ఫైట్ యాభై సార్లు చూశాడు, రుయి ఎందుకు ఏడ్చాడో మాత్రం వాడికి తెలియదు. వాడి తప్పు కాదు. వాడికి చేరింది ఆ ముక్కే.

ఇంకో విచిత్రం ఉంది. ఫ్లాష్‌బ్యాక్‌లు ఫైట్‌ని పాడుచేస్తున్నాయని విసుక్కునేవాళ్ళు మెచ్చుకునే ఆ క్లిప్పే సగం ఫ్లాష్‌బ్యాక్. మంచులో నాన్న నాట్యం గతమే, అమ్మ పిలుపు కూడా చచ్చినవాళ్ళ లోకం నుంచి వచ్చిందే. ఆ రెండూ కోసేసి చూస్తే మిగిలేది రంగులే.

2020 నుంచి వాదన అంకెల మీదికి పోయింది. ఆ ఏడాది స్ట్రీమింగ్ సంస్థ క్రంచీరోల్ ఇచ్చే అనిమే అవార్డుల్లో ఉత్తమ అనిమే ఇదే. అక్టోబరు 16న 'ముగెన్ ట్రెయిన్' సినిమా వచ్చింది. మొదటి రోజు షిన్‌జుకులోని ఒక్క తొహో మల్టీప్లెక్స్‌లోనే 42 షోలు పెట్టారు. రైలు టైంటేబుల్‌లా ఉందని జనం నవ్వుకున్నారు. పది రోజుల్లో 1,000 కోట్ల యెన్‌లు దాటింది. 2001 నుంచి జపాన్‌లో తిరుగులేని 'స్పిరిటెడ్ అవే' రికార్డును 73 రోజుల్లో, డిసెంబరు నెలాఖరులో దాటేసింది. మొత్తం మీద జపాన్‌లోనే 4,000 కోట్ల యెన్‌లకు పైగా వసూలు. అప్పటి ప్రధాని సుగా కూడా నవంబరులో పార్లమెంటులో ఒక ప్రశ్నకు జవాబిస్తూ "పూర్తి ఏకాగ్రత శ్వాస"తో జవాబిస్తానని ఇందులోని మాటే వాడారు.

హైప్‌ని ఒప్పుకోనివాళ్ళ వాదన అక్కడే బలపడింది. కోవిడ్ వల్ల హాలీవుడ్ సినిమాలు వాయిదాపడి థియేటర్లు ఖాళీగా ఉన్నాయి, పోటీ లేని పరుగులో ఫస్ట్ వస్తే అదొక రికార్డా అని వాళ్ళ మాట. అందులో నిజం లేకపోలేదు. ఆ తర్వాత సొమ్ము చేసుకోవడంలో మొహమాటం పడలేదన్నది కూడా నిజమే. అదే ముగెన్ ట్రెయిన్‌ని 2021లో కొత్త ఎపిసోడ్ ఒకటి కలిపి ఏడు టీవీ ఎపిసోడ్లుగా కోసి మళ్ళీ ప్రసారం చేశారు. 2023లో పాత సీజన్ చివరి రెండు ఎపిసోడ్లకు కొత్త సీజన్ మొదటి ఎపిసోడ్ అతికించి థియేటర్లకు పంపారు. 2024లోనూ అదే పద్ధతి. ఆ ఏడాది వచ్చిన 'హషీరా ట్రెయినింగ్' మాంగాలో చిన్న భాగం, దాన్ని ఎనిమిది ఎపిసోడ్లకు సాగదీశారు. టికెట్ కొన్నవాడికి మండిందంటే మండదూ మరి.

ఇవన్నీ అమ్మకం మీద ఫిర్యాదులు. 'కథ డొల్ల' అన్న ఫిర్యాదుకు ఇవి సాక్ష్యం కావు, కానీ ఆన్‌లైన్‌లో రెండూ ఒకే గంపలో వేసేస్తున్నారు.

మన దగ్గర ఈ తగవు ఆలస్యంగా మొదలవడానికి కారణం భాష. క్రంచీరోల్ తెలుగు, తమిళ డబ్బింగులు మొదలుపెట్టింది 2023లో. దానికి ముందు సబ్‌టైటిళ్ళు చదువుకుంటూ చూసినవాళ్ళు కొద్దిమందే, వాళ్ళు వారానికో ఎపిసోడ్ చొప్పున రుయి ఏడుపు దాకా ఆగి చూసినవాళ్ళు. తర్వాత వచ్చినవాళ్ళలో ఎక్కువమంది రీల్స్‌లో ఎడిట్లు చూసి వచ్చారు. ఒకే హాల్లో పక్కపక్క సీట్లలో ఈ రెండు రకాలవాళ్ళూ కూర్చుంటే ఇన్ఫినిటీ కాజిల్ విలన్ అకాజా గతం మొదలైనప్పుడు ఒకడు కళ్ళు తుడుచుకుంటాడు, ఒకడు ఫోన్ తీస్తాడు.

ఇక అకాజా. ఇన్ఫినిటీ కాజిల్ నిడివి 155 నిమిషాలు. అందులో పెద్ద పోరు గియూ, తంజిరోలు ఒకవైపు, అకాజా ఒకవైపు. ముగెన్ ట్రెయిన్ చివర తంజిరో పక్షాన పోరాడిన రెంగొకుని చంపింది వాడే, కాబట్టి ఐదేళ్ళ బాకీ. తంజిరో ఈసారి నిజంగానే తల నరుకుతాడు. అయినా వాడు చావడు. తల లేకుండానే నిలబడి మళ్ళీ మొలవబోతాడు. సరిగ్గా అక్కడ సినిమా ఆగి, హకుజి అనే కుర్రాడి కథ, అంటే అకాజా మనిషిగా ఉన్నప్పటి కథ, ఎత్తుకుంటుంది. జబ్బు తండ్రికి మందుల కోసం దొంగతనాలు, శిక్షగా చేతుల మీద పచ్చబొట్టు గీతలు, ఆ అవమానం భరించలేక తండ్రి ఉరి. తర్వాత చేరదీసిన గురువు, ఆయన కూతురు కొయుకి. పెళ్ళి కుదిరింది. పక్క వ్యాయామశాలవాళ్ళు బావిలో కలిపిన విషానికి గురువు, కొయుకి ఇద్దరూ బలయ్యారు. హకుజి వట్టి చేతులతో 67 మందిని చంపాడు. అప్పుడొచ్చాడు ముజాన్. ఇదంతా గుర్తొచ్చాక అకాజా తన చివరి దెబ్బ తన మీదే వేసుకుంటాడు.

19వ ఎపిసోడ్ పక్కన పెట్టి చూడండి. రుయి బతకడానికి తన తల తానే కోసుకున్నాడు. అకాజా చావడానికి తనను తానే కొట్టుకున్నాడు. రెండుచోట్లా హీరో కత్తి పని సగమే. మిగతా సగం ఆ ఫ్లాష్‌బ్యాక్ చేయాలి. 2019లో జనం చప్పట్లు కొట్టి ముందే లేచిపోయిన సీను ఇప్పుడు థియేటర్లో తలుపు మూసి చూపించారు, అంతే తేడా. ఫైట్ మధ్యలో ఆపారన్న ఫిర్యాదు నాకు అర్థం కానిది అందుకే. ఆపకపోతే అకాజా ఎలా చస్తాడు?

అసలు ఇంటర్వెల్ తర్వాత ఫ్లాష్‌బ్యాక్ మనకు కొత్తా? సుమోలు గాల్లోకి లేచాక హీరో ఎవరో చెప్పడానికి ఊరికి తీసుకెళ్ళే సినిమాలు చూస్తూ పెరిగినవాళ్ళమే. కాకపోతే మన ఫ్లాష్‌బ్యాక్ హీరోది, వాడి మీద గౌరవం పెంచడానికి. ఇక్కడిది ఓడిపోయిన విలన్‌ది, వాడి మీద పగ కరిగించడానికి. ఐదేళ్ళుగా రెంగొకు పగ కోసం ఎదురుచూసినవాడికి ఆ పగ చేతిలోంచి జారిపోతే చిరాకు రావడం సహజం. దాన్ని స్క్రీన్‌ప్లే లోపం అంటే మాత్రం ఒప్పుకోలేను. నిడివి గురించి అయితే ఒప్పుకుంటాను. తండ్రి కథ, గురువు కథ కాస్త బిగించొచ్చు.

అంకెలు మళ్ళీ వచ్చాయి. అమెరికాలో మొదటి వారాంతం 7 కోట్ల డాలర్లు. అనిమే సినిమాల్లో 1999 నాటి మొదటి పోకెమాన్ సినిమా పేరిట ఉన్న రికార్డు అది, 26 ఏళ్ళ తర్వాత పోయింది. ఈసారి కోవిడ్ సాకు లేదు. కాబట్టి హైప్‌ని ఒప్పుకోనివాళ్ళు వసూళ్ళు వదిలేసి కథ మీద పడ్డారు, ఫ్లాష్‌బ్యాక్ దొరికింది. అంతకు నాలుగు నెలల ముందు, 2025 మేలో, క్రంచీరోల్ ఉత్తమ అనిమే అవార్డు ఫ్రీరెన్‌ని కాదని సోలో లెవెలింగ్‌కి వెళ్ళినప్పుడు కూడా ఇదే జనం ఇదే గొడవ పడ్డారు. అక్కడ 'ఫైట్లు తప్ప ఏముంది' అన్న నోళ్ళే ఇక్కడ 'ఫైట్ ఎందుకు ఆపారు' అంటుంటే నవ్వొస్తుంది.

ఇది మూడు సినిమాల్లో మొదటిది. ఇంకా దోమా అనే రాక్షసుడు ఉన్నాడు. పేరు చూసి మనవాళ్ళు నవ్వుకుంటారు గానీ వాడు మామూలోడు కాదు. వాడికి ఏ భావమూ లేదు కాబట్టి గతం చిన్నదే, ఫిర్యాదులు రావు. తర్వాత కొకుషిబో అనే ఇంకో రాక్షసుడు. మాంగాలో అతని తమ్ముడి కథ అధ్యాయాల తరబడి సాగుతుంది, అదీ పోరు ఆపి.