గ్యాస్ డిటెక్టర్ కిట్: సెన్సార్ పోలేదు, టంకం చూడండి

పాలిటెక్నిక్ పిల్లలకు ఆదివారాలు సోల్డరింగ్ నేర్పుతుంటాను. వంటగ్యాస్ డిటెక్టర్ కిట్ అంటే వాళ్లకు భలే మోజు. గ్యాస్‌ను పసిగట్టే ఎంక్యూ-6 సెన్సార్, వోల్టేజీలు పోల్చి చూసే ఎల్‌ఎం393 ఐసీ, ఎంత గ్యాస్‌కు మోగాలో తిప్పి సరిచేసే ఒక ప్రీసెట్, బజర్, నాలుగైదు రెసిస్టర్లు, అంతే. మరుసటి వారం కొందరు "సార్, సెన్సార్ పోయింది" అంటూ వస్తారు. తిప్పి చూస్తే, పోయింది చాలాసార్లు సెన్సార్ కాదు.

అపోహ: లెడ్‌ను (టంకం తీగను) బిట్ (సోల్డరింగ్ ఐరన్ మొన) మీద కరిగించి తీసుకెళ్లి పార్టు కాలికి అంటిస్తే చాలు.

వాస్తవం: అంటుకున్నట్టు కనిపిస్తుంది, అంతే. లెడ్ వైరు లోపల సన్నగా ఫ్లక్స్ ఉంటుంది. కంసాలి టంకం పెట్టేటప్పుడు వెలిగారం అద్దుతాడు చూశారా, ఫ్లక్స్ చేసేదీ ఆ పనే. లోహం మీది చిలుమును తీసేస్తుంది. బిట్ మీదే కరిగిస్తే ఫ్లక్స్ దారిలోనే పొగైపోతుంది. అందుకే ముందు బిట్‌ను ప్యాడ్‌కీ (బోర్డు మీది రాగి చుక్కకు) కాలికీ ఒకేసారి ఆనించండి. ఒకటి రెండు సెకన్లు ఆగి, లెడ్‌ను ఎదురువైపు నుంచి కాలికి తాకించండి. అది కాలి చుట్టూ పాకి, బోర్లించిన గరాటులా నిలబడాలి. లెడ్ ముందు తీయాలి, ఐరన్ తర్వాత. గట్టిపడేదాకా కాలు కదలకూడదు.

పోయిన నెల ఒకబ్బాయి బోర్డు తెచ్చాడు. ఎల్‌ఈడీ వెలుగుతోంది, లైటర్ గ్యాస్ ఎంత వదిలినా బజర్ ఉలకదు, పలకదు. సెన్సార్ టోపీ మీద వేలు పెట్టాను. చల్లగా ఉంది. అంటే లోపలి హీటర్‌కు కరెంటు అందడం లేదు. బోర్డు తిప్పితే, హీటర్ కాలి దగ్గర శనగగింజంత ముద్ద. గోటితో కదిపితే ముద్ద కదల్లేదు, లోపల కాలు కదిలింది. డ్రై సోల్డర్, అంటే పైకి అతికినట్టుండి లోపల అతకని టంకం! మళ్లీ వేడిచేసి చిటికెడు కొత్త లెడ్ ఇచ్చాను. కాసేపటికి టోపీ వెచ్చబడింది.

లెడ్ ఎక్కువేస్తే గట్టిగా ఉంటుందనేది ఇంకో అపోహ. ఐసీ కాళ్ల మధ్య బ్రిడ్జి పడటం (లెడ్ పాకి పక్క కాళ్లు కలిసిపోవడం) తప్ప ఒరిగేదేమీ లేదు.

అపోహ: సోల్డరింగ్ పొగలో ఉండేదంతా సీసమే.

వాస్తవం: 60/40 లెడ్ (60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం) 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. బిట్ వేడి 350 డిగ్రీల దాకా ఉంటుంది. సీసం ఆవిరి కావడానికి ఆ వేడి ఏ మూలకూ చాలదు. పొగ ఫ్లక్స్‌లోని రోజిన్‌ది, అంటే చెట్టు జిగురుది. అదీ పీల్చదగ్గది కాదు, కిటికీ తెరవండి. సీసం అసలు లోపలికి వెళ్లేది చేతుల ద్వారా. సబ్బుతో కడుక్కోకుండా బజ్జీల పొట్లం ముట్టుకోవద్దు.

అపోహ: ఆన్ చేయగానే బజర్ మోగితే కిట్ పాడైనట్టే.

వాస్తవం: హీటర్ వేడెక్కే దాకా సెన్సార్ అలాగే తిక్కగా ఉంటుంది. కొత్తదైతే 24 గంటలు ఆన్‌లో ఉంచి, ఆ తర్వాతే ప్రీసెట్ ముట్టుకోండి. ఇక హీటర్ సుమారు 33 ఓమ్‌లు కాబట్టి 5 వోల్టులకు 150 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది. చిన్న 9 వోల్టుల బ్యాటరీ కొద్ది గంటల్లోనే చేతులెత్తేస్తుంది. పాత మొబైల్ ఛార్జర్ వాడండి.

అపోహ: గ్యాస్ పైకి పోతుంది, డిటెక్టర్ పైనే పెట్టాలి.

వాస్తవం: సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, నేలబారున పరుచుకుంటుంది. డిటెక్టర్ నేల నుంచి అడుగు ఎత్తులో ఉండాలి. పైపు గ్యాస్ అయితే మీథేన్, తేలిక. దానికి ఎంక్యూ-4 సెన్సార్, అదీ సీలింగ్ దగ్గర.

అపోహ: రిలే (కరెంటుతో దానంతటదే పడే స్విచ్చి) పెట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్ దానంతటదే తిరిగేలా చేస్తే ఇంకా సేఫ్.

వాస్తవం: ప్రాజెక్టు ఎగ్జిబిషన్లలో దీనికి చప్పట్లు బాగా పడతాయి. నాకు మాత్రం టెన్షన్. రిలే కాంటాక్టులు కలిసేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది, ఫ్యాన్ స్విచ్చిలోనూ అంతే. గ్యాస్ నిండిన గదిలో ఆ ఒక్క రవ్వ చాలు. బజర్ మోగితే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, తలుపులు తెరవాలి.

ఇంతకీ మా ఇంట్లో సిలిండర్ పక్కన ఉన్నది నేను చేసింది కాదు, కొన్న డిటెక్టరే. నా కిట్ రిపేరు బల్ల మీద ఉంది. ప్రీసెట్ కాస్త ఎక్కువ తిప్పామంటే శానిటైజర్ మూత తీసినా మోగుతుంది.