మందు చీటీ చూసి భయపడిన పిల్లలకు

పిల్లలూ,

మీలో ఒకరు నాకు రాశారు. "తాతయ్యా, డాక్టర్ గారు డిప్రెషన్ అని మాత్రలు రాశారు. అమ్మ వేసుకోమంటోంది, నాన్న వద్దంటున్నారు. నేనేం చెయ్యను?" అని. నేను డాక్టర్‌ని కాను. ప్రభుత్వాసుపత్రిలో మందులిచ్చే కిటికీ వెనక ముప్పై ఏళ్ళు నిలబడ్డవాణ్ణి.

ఆ కిటికీ దగ్గరికి ఒకరోజు ఓ తల్లి వచ్చింది. చీటీని నాలుగు మడతలు పెట్టి పర్సులో నోట్ల మధ్య దాచుకుంది. వెనకాల ఇంటర్ చదివే కొడుకు. "ఇది పిచ్చిమందా అండీ?" అని గొంతు తగ్గించి అడిగింది. ఎంత తగ్గించినా వాడికి వినపడింది.

మార్కులు తగ్గి నాలుగు రోజులు దిగులుగా ఉంటే దానికి మాత్ర అక్కర్లేదు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, ఆట, స్నేహితులు ఏదీ పట్టకపోతే అది డాక్టర్‌కి చూపించాల్సిన సంగతే. తక్కువ స్థాయిలో ఉంటే ముందు కౌన్సెలింగే. దానితో తగ్గకపోయినా, మంచం దిగలేనంత ముదిరినా అప్పుడు మందు మాట వస్తుంది. థైరాయిడ్ తేడా వల్ల కూడా ఇలా ఉండొచ్చు, ఆ పరీక్ష చేయించాలా అని అడగండి. ఇంట్లో ఎవరికైనా బైపోలార్, అంటే కొన్నాళ్ళు పట్టరాని ఉద్రేకం, కొన్నాళ్ళు దిగులు వచ్చే జబ్బు ఉంటే పరువు కోసం దాచొద్దు, ఈ మందులు కొందరిలో ఆ ఉద్రేకాన్ని రేపుతాయి.

పని చేస్తుందా అంటే, 2004లో అమెరికాలో 439 మంది టీనేజ్ పిల్లల మీద 12 వారాల పరిశోధన ఫలితాలు వచ్చాయి. డిప్రెషన్‌కి ఇచ్చే ఫ్లుఆక్సెటిన్ అనే మాత్ర వేసుకున్నవాళ్ళలో నూటికి 61 మంది బాగా మెరుగయ్యారు, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 35 మంది. మందూ కౌన్సెలింగూ కలిపితే 71. నాకైతే ఆ 35 చూసి మందు మీద గుడ్డినమ్మకం తగ్గింది, 71 చూసి భయం తగ్గింది.

నాన్నది ఉత్త చాదస్తం అనుకోవద్దు. అదే ఏడాది అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందులపై గట్టి హెచ్చరిక పెట్టించింది. ప్రయోగాల్లో ఉత్తుత్తి మాత్ర వేసుకున్న పిల్లల్లో నూటికి ఇద్దరికి ఆత్మహత్య ఆలోచనలో, అలాంటి ప్రయత్నమో కనిపిస్తే, అసలు మందు వేసుకున్నవాళ్ళలో నలుగురికి కనిపించింది. ఆ ప్రయోగాల్లో ఎవరూ చనిపోలేదు. అందుకే మొదటి వారాల్లో, డోసు మార్చినప్పుడు ఇంట్లోవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి. కొత్తగా కాలు నిలవనంత అలజడి, నిద్ర లేకపోవడం, చిరాకు కనిపిస్తే అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి. చచ్చిపోవాలనిపిస్తే తెల్లారేదాకా ఆగకు, అమ్మని లేపు. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక సహాయ కేంద్రం టెలీ మానస్ వాళ్ళు ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడతారు.

నాన్నని కూడా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు. ఎన్నాళ్ళు వాడాలి, ఎలా ఆపాలి అన్నది నువ్వే అడుగు. బాగుందనిపించిన రోజున నీ అంతట నువ్వు ఆపేయకు.

ఆ అబ్బాయి అయిదో రోజునే వచ్చి స్ట్రిప్ కిటికీలో పెట్టేశాడు. "కడుపులో తిప్పుతోంది, దిగులేమీ పోలేదు" అన్నాడు. గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని ఎవరూ వాడికి చెప్పలేదు. మళ్ళీ డాక్టర్ దగ్గరికి పంపాను, డోసు తగ్గించారు. పై నెలలో వాడొక్కడే వచ్చాడు. చీటీకి మడతల్లేవు. "నిద్ర పడుతోంది సార్. క్లాసులో మాత్రం ఇంకా ఏమీ ఎక్కట్లేదు" అన్నాడు.

మీ తాతయ్య