గుడ్డు తాజాదైతే పెంకు ఎందుకు రాదు?

పులుసులోకి ఆరు గుడ్లు ఉడకబెడితే, ఒలిచేసరికి రెండింటికి గుంటలు పడతాయి, ఒకటి పచ్చసొన బయటపెట్టుకుని కూర్చుంటుంది. తిట్లు మాత్రం కొట్టువాడికి, పాతవి అంటగట్టాడని. నిజానికి అతను చేసిన తప్పల్లా మరీ తాజావి ఇవ్వడమే.

పెంకు కింద రెండు పలచటి పొరలుంటాయి. బయటిది పెంకును, లోపలిది తెల్లసొనను అంటుకుని ఉంటాయి. అప్పుడే పెట్టిన గుడ్డు తెల్లసొనలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది కాబట్టి దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, అంకె పెరిగేకొద్దీ క్షారగుణం ఎక్కువ) 8కి అటూఇటూగా ఉంటుంది. పెంకుకున్న వేల సన్నటి రంధ్రాల్లోంచి ఆ వాయువు మెల్లగా బయటికి పోతుంటే పీహెచ్ 9 దాటుతుంది. అలా క్షారగుణం పెరిగిన తెల్లసొన ఉడికాక పొరను వదిలేస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే ఈ మార్పుకు ఎక్కువ రోజులు పడుతుంది. అందుకే తాజా గుడ్లను ఆమ్లెట్‌కు వాడి, ఉడకబెట్టడానికి వారం పది రోజులవి ఉంచుకోవాలి. గుర్తుపట్టడం తేలికే: గిన్నెడు నీళ్లలో వేస్తే తాజాది అడుగున అడ్డంగా పడుకుంటుంది, కాస్త పాతది అడుగునే ఉండి మొద్దు కొన పైకెత్తుతుంది. పైకి తేలిందా, పారేయడమే మేలు.

తాజావే దిక్కైతే? చన్నీళ్లలో వేసి పొయ్యి వెలిగించే అలవాటు మానాలి. నీళ్లు నిదానంగా కాగేకొద్దీ తెల్లసొన తాపీగా గట్టిపడుతూ పొరకు అతుక్కుపోతుంది. అదే మరిగే నీళ్లు తగిలితే అతుక్కునే తీరిక లేకుండా బిగుసుకుంటుంది. గుడ్లు మునిగి రెండు వేళ్లు పైకి వచ్చేలా నీళ్లు పోసి, తెర్లనిచ్చి, గరిటెతో ఒక్కొక్కటీ దించి, మంట తగ్గించండి. ధబాలున వేస్తే పగులుతాయి. 55 గ్రాముల గుడ్డు 7 నిమిషాలకు పచ్చసొన జారుగా, 11 నిమిషాలకు గట్టిగా ఉడుకుతుంది. ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగాక ఆవిరి మీద 12 నిమిషాలు ఉంచినా చక్కగా ఒలవవచ్చు, పైగా పగుళ్లు తక్కువ.

దించగానే ఐసు వేసిన నీళ్లలో పది నిమిషాలు వదిలేయండి. ఉడుకు అక్కడితో ఆగుతుంది. మరీ ఎక్కువ ఉడికితే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కడతాయి. తిన్నా ఏమీ కాదు, చూపుకే బాగోదు.

నీళ్లలో ఉప్పు వేస్తే పెంకు ఊడిరాదు. పగిలిన చోట కారే సొన త్వరగా గడ్డకట్టడానికి మాత్రం పనికొస్తుంది. క్షారగుణం పెంచాలని వంటసోడా వేసి గంధకం వాసన తెచ్చుకోవడం కన్నా నీళ్లు మరిగేదాకా ఆగడం నయం.

ఒలిచేటప్పుడు గాలి గది ఉండే మొద్దు కొన దగ్గర మొదలుపెట్టాలి. చుట్టూ తట్టి, అరచేతి కింద దొర్లించి, గోరు పెంకు కిందికి కాదు, పొర కిందికి పోనివ్వాలి. ఇదంతా నీళ్లలో ముంచి చేస్తే ఆ సందులోకి నీరు దూరి పొర జారుతుంది. అప్పటికీ మొండికేసే గుడ్డుకు, తడిపిన చిన్న చెంచా బోర్లించి పొరకూ సొనకూ మధ్య నెట్టి చుట్టూ తిప్పండి.