పెద్దయ్యాక ఫోన్లో చెస్ నేర్చుకోవడం: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

అమలాపురంలో సాయంత్రం పూట చెస్ నేర్పుతుంటానండి. ఒకప్పుడు పిల్లలే వచ్చేవాళ్ళు, ఈమధ్య పిల్లల్ని దింపడానికి వచ్చిన నాన్నలు, అమ్మలు, ఒకరిద్దరు తాతగార్లు కూడా "మాకూ కాస్త చెప్తారేంటండి" అని ఆగిపోతున్నారు. అందరి ఫోన్లోనూ చెస్ యాప్ ఉంది, దాని గురించి బోల్డన్ని అపోహలూ ఉన్నాయి. వినీ వినీ ఇవాళ రాసేస్తున్నా.

అపోహ: కంప్యూటర్ మోసం చేస్తుంది

నవ్వకండి, ఎక్కువసార్లు విన్నది ఇదే. కొబ్బరికాయల వ్యాపారం చేసే ఒకాయన, 50 దాటాయి, ఓ రోజు ఫోన్ పట్టుకుని రుసరుసలాడుతూ వచ్చారు. "నా బంటు పక్కన దాని బంటు ఉందండి, అది ఐమూలగా ఖాళీ గడిలోకెళ్ళి నా బంటుని మాయం చేసేసింది, ఇదేం ఆటండి బాబూ" అని. అది ఎన్ పాసాంట్ అనే రూల్. మన బంటు మొదటిసారి రెండు గళ్ళు దూకి అవతలి బంటు పక్కన ఆగితే, అది ఒక్క గడే కదిలినట్టు లెక్కేసి అవతలివాళ్ళు దాన్ని తమ బంటుతో కొట్టేయొచ్చు, అదీ ఆ వెంటనే వచ్చే ఎత్తులో మాత్రమే.

ఆయన తప్పేం లేదండి, అరుగు మీద ఆడిన ఆటలో బంటు ఎప్పుడూ ఒక్క గడే కదిలేది కాబట్టి ఈ గొడవే లేదు, క్యాస్లింగ్ (రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో కదపడం) బదులు రాజు ఒక్కసారి గుర్రంలా దూకేవాడు, చివరిదాకా వెళ్ళిన బంటు ఆ గడి ఎవరిదైతే ఆ పావు అయ్యేది. అవి దేశవాళీ రూల్స్, యాప్‌లో ఉన్నవి అంతర్జాతీయ రూల్స్. ఇంకోటుంది, అవతల ఒంటరి రాజు మిగిలాడు, మన దగ్గర మంత్రీ ఏనుగూ ఉన్నాయి, కానీ చెక్ ఇవ్వకుండా వాడికి కదిలే చోటు లేకుండా చేసేశాం అనుకోండి, అది గెలుపు కాదు, స్టేల్‌మేట్, డ్రా. ఇది తెలిసిన రోజు మా కొబ్బరికాయల ఆయన రెండ్రోజులు ఫోన్ ముట్టలేదు. అందుకే పాతవి మర్చిపోవడానికే మొదటి క్లాసంతా పోతుంది నాకు.

అపోహ: ఈ వయసులో ఏం వస్తుంది

కోనేరు హంపి గారు 2002లో 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు, గుడివాడ, ఎంతో దూరం కాదు మనకి. 40కి మొదలెట్టి ఆ దారి పట్టలేం, ఒప్పేసుకుందాం. కానీ అదే హంపి గారు 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో ప్రపంచ రాపిడ్ (తక్కువ టైములో ఆడే చెస్) టైటిల్ రెండోసారి గెలిచినప్పుడు 37 ఏళ్ళు, ఓ బిడ్డ తల్లి. మనక్కావాల్సింది పావుల్ని ఊరికే పారేసుకోకుండా ఆడటం, దానికి వయసుతో పనిలేదు.

అపోహ: నా రేటింగ్ 1500

ఇది వాట్సాప్ స్టేటస్‌లో కూడా చూశా. రేటింగ్ అంటే మన ఆట బలాన్ని చూపే అంకె. లీచెస్ అనే చెస్ యాప్‌లో కొత్త ఖాతా తెరిస్తే అందరికీ 1500 తోనే మొదలవుతుంది, పక్కన ఓ ప్రశ్నార్థకం కూడా ఉంటుంది, అంటే దానికింకా మీ సంగతి తెలీదని. పది ఆటలయ్యాక 900కి దిగితే మీరేం పాడైపోలేదు, ఇప్పుడు నిజం తెలిసింది అంతే. పజిల్స్ (ఇచ్చిన బోర్డు మీద సరైన ఎత్తు కనిపెట్టే చిక్కులు) రేటింగ్ వేరే లెక్క, దాన్నీ దీన్నీ కలపొద్దు.

"లెవెల్ 1 కంప్యూటర్ని ఓడిస్తే కొత్తవాళ్ళందర్నీ ఓడించేస్తా" అనేది ఇంకోటి. అవ్వదండి. బలం తగ్గించిన కంప్యూటర్ నాలుగు మంచి ఎత్తులేసి, ఐదోది కావాలని చెత్తది వేస్తుంది. మనిషి అలా తప్పు చెయ్యడు, మనిషి ఆశపడి తప్పు చేస్తాడు, కంగారుపడి చేస్తాడు, అది చూడ్డం మనుషులతో ఆడితేనే వస్తుంది. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు కలిసే ఆట పెట్టుకోండి. రాత్రి పదకొండింటికి మంచం మీద 3 నిమిషాల ఆటలు మాత్రం నాకు చెప్పకుండా ఆడుకోండి.

అపోహ: ఇంజిన్ చెప్పిన ఎత్తు బట్టీ పడితే చాలు

ఇంజిన్ అంటే మా వైపు చెరువులకి నీళ్ళు తోడేదే గుర్తొస్తుంది ఎవరికైనా, ఇది లెక్కలు తోడే ఇంజిన్, అంటే ఏ ఎత్తు మంచిదో లెక్కేసి చెప్పే ప్రోగ్రాం. స్టాక్‌ఫిష్ అని ఒకటుంది, ఫ్రీ, ప్రపంచ ఛాంపియన్ కూడా దాని మీద నెగ్గలేడు. 1997లోనే డీప్ బ్లూ అనే కంప్యూటర్ అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ని ఆరు ఆటల్లో 3.5-2.5 తో ఓడించింది, ఇప్పటివి దానికన్నా చాలా బలమైనవి.

ఆటయ్యాక విశ్లేషణ నొక్కితే పక్కన అంకె కనిపిస్తుంది, +1 అంటే తెల్లవాళ్ళకి దాదాపు ఒక బంటంత లాభం, మైనస్ ఉంటే నల్లవాళ్ళకి లాభం. మావాళ్ళు +0.3 కాస్తా 0కి వచ్చిందని బాధపడి ఓపెనింగ్ (ఆట మొదట్లో వేసే ఎత్తులు) వీడియోలు చూస్తారు, తీరా పదో ఎత్తులో గుర్రాన్ని ఊరికే ఇచ్చేస్తారు! ఇంజిన్ ధాన్యం కాటా లాంటిదండి. ఎంత తూగిందో కచ్చితంగా చెప్తుంది, ఎందుకు తక్కువ తూగిందో చేలోకి దిగి మనమే చూసుకోవాలి.

నేను చేయించేది ఇదీ. ఆటవ్వగానే ఇంజిన్ ఆన్ చెయ్యొద్దు, ముందు ఓ నోట్సులో ఆట ఎక్కడ తిరగబడిందని మీకనిపించిందో ఒక్క లైను రాయండి, తప్పైనా పర్లేదు. తర్వాత ఆన్ చేసి, +1 నుంచి -4కి పడిపోయిన ఒక్కచోటే ఆగండి. అక్కడ బాణం గుర్తు చూపించే గొప్ప ఎత్తుని వదిలేసి, మీరు వేద్దామనుకున్న ఎత్తు బోర్డు మీద వేసి చూడండి. దానికి ఇంజిన్ ఏం జవాబిస్తుందో అదే ఆ రోజు పాఠం. మీరు నోట్సులో రాసిన చోటూ, ఇంజిన్ అంకె పడిపోయిన చోటూ ఒకటే అవడం మొదలైందంటే ఎదుగుతున్నట్టే, నెలా రెండు నెలల్లో తెలుస్తుంది.

అన్నట్టు ఆట మధ్యలో పక్క ఫోన్లో ఇంజిన్‌ని సలహా అడగడం మోసమే. "నేర్చుకుందామనేనండి" అని ఒకాయన అమాయకంగా చేశారు, యాప్ వాళ్ళు ఆయన ఖాతా మూసేశారు.

ఇక డబ్బులు కట్టాలా అనేవాళ్ళకి. అక్కర్లేదు. లీచెస్ 2010 నుంచి ఉచితమే, విరాళాలతో నడుస్తుంది, ప్రకటనలుండవు. అందులో పజిల్స్ రకాలవారీగా ఉంటాయి, ముందు ఒక్క ఎత్తులో మేట్ చేసేవి (రాజుని తప్పించుకోలేకుండా కట్టేసి గెలిచేవి), తర్వాత కాపలా లేని పావుని పట్టుకునేవి చెయ్యండి. రోజుకి పది, పొద్దున్న టీ చల్లారేలోపు అయిపోతాయి.